అండమాన్ వెళ్తున్నారా? మందుల డబ్బా సర్దుకున్నారా?

సెలవులొచ్చాయంటే చాలు, మన ఇళ్ళల్లో "ఈసారి ఎక్కడికి?" అన్న గొడవ మొదలవుతుంది. పిల్లలు ఒకటంటారు, పెద్దవాళ్ళు తిరుపతి అంటారు, మగవాళ్ళు "డబ్బులెక్కడివి?" అంటారు. చివరికి అందరం కలిసి కట్టమైసమ్మ దగ్గరకు పోయి, అక్కడే వంట చేసుకుని, చెరువు గట్టున కూర్చుని తిని సాయంత్రానికి ఇల్లు చేరతాం. మాది శామీర్‌పేట కాబట్టి అది మాకు మరీ దగ్గర. ఇరవై రెండేళ్ళుగా మా ఇంటి విహారయాత్ర అంటే అదే. మహా అయితే జింకల పార్కు.

అలాంటిది పోయిన జనవరిలో ఎనిమిది మందిమి అండమాన్ దీవులకు వెళ్ళొచ్చాం. మేడ్చల్‌లో ఉండే మా యారాలు పెట్టిన చిచ్చు అది. ఇద్దరం ఒకే చీటీ వేశాం. చీటీ పాడుకున్న డబ్బు చేతికి రాగానే, "అక్కా, బంగారం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, అత్తమ్మ కాళ్ళు ఆడుతున్నప్పుడే సముద్రం చూపిద్దాం" అంది. ఆ మాటతో అత్తమ్మ కూడా వాళ్ళ పార్టీలో కలిసిపోయింది. ఇక నేనేం మాట్లాడతాను!

నాకు మాత్రం లోపల గుబులు. నీళ్ళంటే నాకు భయం. కారణం ఉంది. నేను కొత్తగా కాపురానికొచ్చిన ఏడాది, ఓ ఆదివారం మా వీధిలోని కుర్రాడు స్నేహితులతో చెరువుకు పోయి తిరిగి రాలేదు. పదహారేళ్ళవాడు. పొద్దున మా ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. గట్టు మీదికి తీశాక అతన్ని ఒకాయన భుజానేసుకుని గిరగిరా తిప్పాడు, ఇంకొకాయన పొట్ట నొక్కాడు. అందరూ మంచి మనసుతోనే చేశారు. అది తప్పని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

ఇప్పుడు శంషాబాద్ నుంచి అండమాన్‌కు నేరుగా విమానాలున్నాయి. రెండు, రెండున్నర గంటల ప్రయాణం. మన మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచి కూడా చాలామంది వెళ్తున్నారు. కొత్త జంటలు సరే, మాలాగా షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు వెంటేసుకుని వెళ్ళే కుటుంబాలూ ఉన్నాయి. మేం చేసిన పొరపాట్లు మీరు చెయ్యకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మాత్రలు ఏ సంచీలో?

మా మొదటి పొరపాటు ఇల్లు దాటకముందే జరిగింది. చీరలు, పిల్లల బట్టలు, చిరుతిళ్ళు పొందిగ్గా సర్దాను. అత్తమ్మ బీపీ మాత్రలు కూడా "అన్నీ ఒక్కచోట ఉంటాయిలే" అనుకుని పెద్ద సూట్‌కేసులో వేశాను. మేం దిగాం, సూట్‌కేసు దిగలేదు! మర్నాడు సాయంత్రం వస్తుందన్నారు.

హోటల్లో సామాను పెట్టగానే మందుల షాపుకు పరుగెత్తాం. "ఏం మాత్ర?" అన్నాడు షాపతను. అత్తమ్మ, "తెల్లగా, చిన్నగా ఉంటది బిడ్డా, పొద్దున ఒకటి" అంది. ప్రపంచంలో సగం మాత్రలు తెల్లగా, చిన్నగానే ఉంటాయి! నాకూ పేరు గుర్తు లేదు. ఆరేళ్ళుగా నా చేత్తో ఇస్తున్నాను, పేరు మాత్రం చదవలేదు. చివరికి మేడ్చల్‌లో మా డాక్టరు గారికి ఫోన్ చేస్తే, ఆయన పాత చీటీ వెతికించి పేరు, మోతాదు చెప్పారు. అప్పటికి రాత్రి ఎనిమిదైంది. ఆవిడ మాత్ర పొద్దున్నే వేసుకుంది కాబట్టి బతికిపోయాం.

అందుకని చెబుతున్నాను. రోజూ వేసుకునే మందులు చేతిసంచీలోనే ఉండాలి. ఎన్నిరోజుల ప్రయాణమో అంతకు మూడు నాలుగు రోజులు ఎక్కువ పెట్టుకోండి. దీవుల మధ్య ఓడలు వాతావరణం బాగాలేకపోతే ఆగిపోతాయి. ఒక రోజు అనుకున్నది రెండు రోజులు కావచ్చు. మాత్రలను అట్టతో సహా తీసుకెళ్ళండి, డబ్బాలోకి ఒలిచి పోయకండి. డాక్టరు చీటీ జిరాక్సు ఒకటి మీ దగ్గర, ఇంకొకటి వేరే వాళ్ళ దగ్గర ఉంచండి. ఫోన్‌లో ఫొటో ఉందిలే అనుకోకండి. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేసి 2020లో ప్రారంభించాక సిగ్నల్ చాలా మెరుగైందిగాని, చిన్న దీవుల్లో ఇప్పటికీ ఉన్నట్టే ఉండి మాయమవుతుంది.

మావారికి ఇన్సులిన్ ఉంది. అది మాత్రం బుద్ధిగా చేతిసంచీలోనే పెట్టాను. ఎందుకంటే విమానం అడుగున, సామాను పెట్టేచోట చలికి ఇన్సులిన్ గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు. హోటల్ ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు కూడా ఐసు పెట్టెకు ఆనించకండి, తలుపు అరలో పెట్టండి. పగలు తిరిగేటప్పుడు ఎండలో ఆగిన కారులో వదలకండి. డాక్టరు చీటీ చూపిస్తే విమానాశ్రయంలో సూదులకు ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పింది మామిడికాయ పచ్చడికి! చేతిసంచీలో పచ్చడి రానివ్వరు. పెద్ద సామానులో వెయ్యాలి, అదీ నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి.

పేర్లు మారాయి, గుర్తుంచుకోండి

పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు. హేవ్‌లాక్ దీవికి 2018లోనే స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. టికెట్ల మీద ఒక పేరు, ఆటోవాళ్ళ నోట ఇంకో పేరు ఉంటుంది. కంగారు పడకండి. అన్నట్టు భాషకూ భయపడక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి పదమూడు మంది తెలుగువాళ్ళే. మాకు దొరికిన ఆటో డ్రైవరు తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వెళ్ళాడట. మందుల షాపు దగ్గర మాకు మాట సాయం చేసిందీ అతనే. సెల్యులార్ జైలు చూస్తూ మా అబ్బాయి చెప్పాడు, 1857 జూలై 17న మన కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రెబాజ్ ఖాన్ సహచరుడు మౌల్వీ అల్లావుద్దీన్‌ను ఆ దీవులకే పంపారట, అక్కడే చనిపోయాడట. మన ఊరి మనిషి అక్కడ ఉన్నాడంటే మనసు ఎలాగో అయింది.

ఎండ ఒక గంట ముందే వస్తుంది

గడియారం మనదే, సూర్యుడు మాత్రం వాళ్ళది. అండమాన్ మనకు చాలా తూర్పున ఉంది కదా, అక్కడ ఐదు, ఐదున్నరకే తెల్లారుతుంది, సాయంత్రం ఐదు దాటితే చీకటి పడుతుంది. మనకు పన్నెండుంబావు ప్రాంతంలో నడినెత్తిన ఉండే సూర్యుడు అక్కడ పదకొండుంబావుకే వచ్చేస్తాడు. ఇక్కడి లెక్కన "పదింటికి బయల్దేరదాంలే" అనుకుంటే అసలైన మాడ్పులోకి వెళ్తారు. ఐదున్నరకే లేచి, తొమ్మిదిన్నర లోపు తిరిగేసి, మళ్ళీ మూడు తర్వాత కదలండి.

పైగా గాలి చల్లగా వీస్తుంటుంది కాబట్టి ఎండ తెలియదు. నీళ్ళ మీద, తెల్లటి ఇసుక మీద పడ్డ వెలుగు కింది నుంచి కూడా కొడుతుంది. గొడుగు వేసుకున్నా మా యారాలి మొహం కమిలింది. ఎండకు రాసుకునే క్రీము ఎస్పీఎఫ్ 30 కి తక్కువ కానిది, బయటకు వెళ్ళే పావుగంట ముందు రాయాలి, రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. "మేం నల్లగానే ఉన్నాం, మాకెందుకు" అని మా మరిది వేళాకోళం చేశాడు. రెండో రాత్రి వీపు మంచానికి ఆన్చలేక బోర్లా పడుకున్నాడు, పెరుగు రాయమని వాళ్ళావిడను బతిమాలాడు. చల్లటి నీళ్ళ గుడ్డ చాలు, పెరుగు అక్కర్లేదు.

వేళాకోళం ఎందుకు కూడదో చెబుతాను. గ్రీసు దేశం చుట్టూ మధ్యధరా సముద్రంలో వందల దీవులున్నాయి. యూరప్ వాళ్ళంతా సెలవులకు అక్కడికే వెళ్తారు. 2024 జూన్‌లో అక్కడి సిమీ అనే దీవిలో మైఖేల్ మోస్లీ అనే ఇంగ్లండు ఆయన మిట్టమధ్యాహ్నం ఒంటరిగా నడుచుకుంటూ వెళ్ళి, దారి తప్పి, నాలుగు రోజులకు శవమై దొరికాడు. ఆయన ఎవరనుకున్నారు? డాక్టరు చదువు చదివి, టీవీలో ఆరోగ్యం గురించి లోకానికి చెప్పిన మనిషి! అంత తెలిసినవాడికే అలా అయిందంటే మనమెంత?

తల తిరగడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం మొదలైతే వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించండి. మాటలు తడబడినా, ఒళ్ళు పెనంలా కాలినా, మనిషి స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

ఓడలో అత్తమ్మ

స్వరాజ్ ద్వీప్‌కు ఓడలో రెండు గంటలు పట్టింది. ఎక్కేముందు మా యారాలు పిల్లలకు పూరీలు, ఆలుకూర కడుపునిండా పెట్టింది. ఫలితం నేను రాయనక్కర్లేదు, కవర్లు చాలలేదు.

అత్తమ్మ మాత్రం కుదురుగా కూర్చుంది. ఆవిడ రహస్యం కొంగున ముడేసుకున్న బెల్లం, శొంఠి ఉండలు! శొంఠి కొంతమందికి పనిచేస్తుంది. బాగా వికారం వచ్చేవాళ్ళు ముందుగానే డాక్టరును అడిగి మాత్ర రాయించుకోండి. అది ఓడ ఎక్కే గంట ముందు వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేస్తే అదీ బయటికే పోతుంది. ఎవోమిన్ లాంటివి నిద్రమత్తు తెస్తాయి, పెద్దవాళ్ళు మెట్లు దిగేటప్పుడు తూలుతారు. పిల్లలకు పెద్దల మాత్ర విరిచి ఇవ్వకండి. తేలిగ్గా రెండు ఇడ్లీలో, బిస్కట్లో తిని ఎక్కండి. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో సీట్లు అడగండి, ఊపు తక్కువ. ఫోన్ చూడకుండా దూరంగా ఆకాశం, నీళ్ళు కలిసేచోట చూస్తూ ఉండండి.

చిన్న పడవలు ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ వేసుకుని బకిల్స్ అన్నీ పెట్టుకోండి. "ఫొటోకు బాగుండదమ్మా" అని పిల్లలు విప్పేస్తారు, ఊరుకోవద్దు. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర యాత్రికుల పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. పట్టేవాళ్ళకంటే చాలా ఎక్కువమందిని ఎక్కించుకుంది ఆ పడవ. మన గోదావరి మీద 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగింది ఎవరు మర్చిపోతారు? పడవ నిండిందనిపిస్తే మొహమాటం లేకుండా దిగిపోండి. డబ్బులు పోతే పోయాయి.

సముద్రం చెరువు కాదు

ఇప్పుడు అసలు సంగతి. మా మరిది కొడుక్కి పదిహేనేళ్ళు. అమ్మమ్మ ఊళ్ళో వ్యవసాయ బావిలో బెండు కట్టుకుని ఈత నేర్చాడు. "నాకు ఈతొచ్చు పెద్దమ్మా" అని ఒకటే గర్వం. రాధానగర్ బీచిలో మేమంతా మోకాలి లోతులో ఉంటే, వాడు పక్కకు జరిగి అలలు తక్కువగా ఉన్నచోటు చూసుకుని దిగాడు. మన చెరువు దగ్గర మనం చేసేదీ అదే కదా, నిమ్మళంగా ఉన్న నీళ్ళు చూసి దిగుతాం.

సముద్రంలో అదే తప్పు! అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ వెనక్కి పోవాలి కదా. అవి ఎక్కడో ఒకచోట దారి చేసుకుని కాలువలాగా లోపలికి ఉరుకుతాయి. ఆ కాలువ ఉన్నచోట అలలు పెద్దగా విరగవు, చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. దిగితే లాక్కుపోతుంది.

రెండు నిమిషాల్లో వాడి తల చిన్నదైపోయింది. ఒడ్డువైపే చేతులు బాదుతున్నాడు, వచ్చింది లేదు. అలిసిపోతున్నాడని నాకు తెలుస్తోంది. మావారు, మరిది ఇద్దరూ నీళ్ళలోకి ఉరికారు. ఇద్దరికీ ఈత రాదు! నేను ఒకరి చొక్కా, యారాలు ఇంకొకరి చెయ్యి పట్టుకుని లాగాం. నా గొంతులోంచి అంత అరుపు వస్తుందని నాకే తెలియదు. లైఫ్‌గార్డు ఈల వేస్తూ పరుగెత్తుకొచ్చి, తేలే ట్యూబు వేసుకుని వెళ్ళి, వాణ్ణి పట్టుకుని నేరుగా ఒడ్డుకు రాకుండా పక్కకు, ఒడ్డు వెంబడి చాలా దూరం ఈదాడు. అప్పుడు అలలే వాళ్ళిద్దర్నీ బయటకు తోశాయి.

తర్వాత ఆ అబ్బాయి మాకు ఇసుక మీద గీత గీసి చూపించాడు. లాగుడులో చిక్కితే ఒడ్డువైపు ఈదకూడదు, దాన్ని గెలవలేరు. ముందు వెల్లకిలా తేలి, ఊపిరి తీసుకుని, చెయ్యి పైకెత్తి పిలవాలి. శక్తి ఉంటే ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. ఆ కాలువ వెడల్పు ఎక్కువ ఉండదు, దాటగానే వదిలేస్తుంది. ఒడ్డున ఉన్నవాళ్ళు లోపలికి ఉరకకూడదు. ట్యూబు, మూతపెట్టిన ఖాళీ డబ్బా, తాడు, చివరికి ముడేసిన చున్నీ, ఏదైనా విసరాలి. లైఫ్‌గార్డు ఉన్నచోట, వాళ్ళు చెప్పిన హద్దుల్లోనే దిగాలి. ఎర్రజెండా ఉంటే అసలు దిగొద్దు. మా బాచుపల్లి వైపు కాలేజీ పిల్లలు 24 మంది 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయింది తలచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు. ఫొటోల కోసం రాళ్ళ మీదికి వెళ్ళిన పిల్లలు. పై నుంచి డ్యాము నీళ్ళు వదిలారు. తెలియని నీళ్ళ దగ్గర తెలిసినవాళ్ళను అడగాలన్న జ్ఞానం పిల్లలకు మనమే చెప్పాలి.

మునిగినవాళ్ళను బయటికి తీశాక ఏం చెయ్యాలో ఆ లైఫ్‌గార్డునే అడిగాను. ఇరవై ఏళ్ళుగా నా లోపల ఉన్న ప్రశ్న అది. భుజానేసి తిప్పకూడదు, తలకిందులు చెయ్యకూడదు, పొట్ట నొక్కకూడదు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు ఊదాలి. ఆ తర్వాత రొమ్ము మధ్యలో రెండు చేతులతో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కాలి. రెండుసార్లు ఊదాలి, మళ్ళీ 30 సార్లు. సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఈలోపు ఇంకొకరు 112 కు ఫోన్ చెయ్యాలి. లేచి కూర్చున్నా సరే, నీళ్ళు మింగినవాళ్ళను ఆసుపత్రిలో చూపించాల్సిందే. మావాణ్ణి స్వరాజ్ ద్వీప్ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాం. సాయంత్రం దాకా ఉంచుకుని పంపారు. పెద్ద కష్టమైతే శ్రీ విజయపురంలో జి.బి.పంత్ ఆసుపత్రే పెద్ద దిక్కు.

మన ఆడవాళ్ళకు ఒక మాట. చీరతో, చున్నీతో సముద్రంలో దిగకండి. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళు కూడా లేవలేరు. సిగ్గు అనిపిస్తే నిండు చేతుల టీషర్టు, లెగ్గింగ్ వేసుకోండి. పుస్తెలతాడు పర్సులో జాగ్రత్త చేసి పసుపుతాడు కట్టుకోండి, అత్తమ్మే చెప్పింది. తడిబట్టలతో గంటలకొద్దీ కూర్చుంటే దురదలు, ఇన్ఫెక్షన్లు వస్తాయి. పొడిబట్టలు ఒక జత వెంట ఉండాలి. నెలసరి ఆపే మాత్రలు ఎవరో చెప్పారని వేసుకోకండి. బీపీ, మైగ్రేన్ ఉన్నవాళ్ళు, గతంలో కాళ్ళలో రక్తం గడ్డకట్టినవాళ్ళు డాక్టరును అడగకుండా అసలే వద్దు.

మొసళ్ళు కూడా ఉన్నాయి! ఉప్పునీటి మొసలి, చాలా పెద్దది. 2010 ఏప్రిల్‌లో హేవ్‌లాక్‌లోనే అమెరికా నుంచి వచ్చిన అమ్మాయిని మొసలి చంపేసింది. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసేచోట్ల దిగొద్దు. హెచ్చరిక బోర్డు ఉంటే అది అలంకారానికి కాదు. చీకటి పడుతుంటే నీళ్ళ అంచున నడవనూ వద్దు.

కాళ్ళు చూసుకోండి

మావారి సంగతి ఇది. షుగరున్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పుల్లేకుండా ఇసుకలో నడుస్తుంటే హాయిగా ఉందన్నారు. రాత్రి నేను చూస్తే అరికాలి కింద పగడపు ముక్క కోసిన గాటు, ఆయనకు నొప్పే తెలియలేదు! పగడం గీరుకుంటే చిన్న ముక్కలు లోపల ఉండిపోయి చీము పడుతుంది. మంచినీళ్ళు, సబ్బుతో బాగా రుద్ది కడిగి, ముక్కలుంటే తీసి, మందు రాసి కట్టాలి. టీటీ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోవాలి. షుగరు ఉన్నవాళ్ళు నీళ్ళలో కూడా రబ్బరు బూట్లు వేసుకోవాలి. రోజూ రాత్రి ఇంకొకరు పాదాలు చూడాలి. వచ్చాక ఆ గాటు మానడానికి మూడు వారాలు పట్టింది. కట్టు మార్చిన ప్రతిసారీ నా చేత మాటలు పడ్డారు.

జెల్లీచేప తగిలితే రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి. సముద్రం నీళ్ళతోనే కడిగి, అంటుకున్న పోగులను ఏటీఎం కార్డు అంచుతోనో, పట్టకారుతోనో తీసేసి, తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంట ఉంచితే మంట తగ్గుతుంది. ఊపిరాడకపోతే వెంటనే ఆసుపత్రి. గవ్వలు, పగడాలు ఏరి తెచ్చుకోకండి, నేరం.

సముద్రం అడుగుకు తీసుకెళ్ళే స్కూబా డైవింగ్ మా అబ్బాయి చేశాడు. ఉబ్బసం, గుండె జబ్బు, చెవిపోటు, జలుబు ఉంటే దాచకుండా చెప్పాలి. డైవింగ్ చేశాక కనీసం 18 గంటలదాకా విమానం ఎక్కకూడదు. చివరి రోజుకు పెట్టుకోకండి.

తిండి సంగతి

హోటళ్ళలో చేపలు, రొయ్యలు బ్రహ్మాండం. కానీ వేడివేడిగా, మీ కళ్ళ ముందు వండినవే తినండి. కోసిపెట్టిన పళ్ళు, ఐసు ముక్కలు వద్దు. సీలు ఉన్న నీళ్ళో, కాచినవో తాగండి. కొబ్బరిబొండాలు కావలసినన్ని. షుగరువాళ్ళకు భోజనం ఆలస్యమైతే సుగరు పడిపోతుంది, పడవ సమయాలు మన చేతిలో ఉండవు. గ్లూకోజు, నాలుగు బిస్కట్లు చేతిసంచీలో ఉండాల్సిందే.

ఇంటి నుంచి నేను సకినాలు, సర్వపిండి తీసుకెళ్ళాను. సర్వపిండి రెండోరోజు పొద్దుటికి అయిపోయింది, అది ఎక్కువ నిలవ ఉండదు కూడా. పులిహోర ప్రయాణం రోజు వరకే. అందరికంటే ఆదుకున్నది ఉప్మా పొడి. మీరూ చేసుకోండి.

బొంబాయి రవ్వ నాలుగు కప్పులు నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా సన్నసెగన వేయించి తీసెయ్యండి. అదే మూకుట్లో అరకప్పు నూనె పోసి ఆవాలు, మినపప్పు, శనగపప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి ముక్కలు, ఇంగువ వెయ్యండి. కరివేపాకు తడి లేకుండా ఆరబెట్టినది వేసి గలగలలాడేదాకా వేయించండి. ఇందులో శొంఠిపొడి అరచెంచా, రుచికి ఉప్పు, రవ్వ వేసి ఐదు నిమిషాలు కలియబెట్టి పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి. పచ్చిమిర్చి, ఉల్లిపాయ వెయ్యకండి, చెడుతుంది. హోటల్ కెటిల్లో నీళ్ళు మరగబెట్టి, కప్పు పొడికి కప్పున్నర నీళ్ళు పోసి, కలిపి, ఎనిమిది నిమిషాలు మూతపెడితే ఉప్మా తయారు! పిల్లకు విరేచనాలైన రోజు ఇదే పెట్టాం, పొద్దు పోయేదాకా.

విరేచనాలకు ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు వెంట ఉంచుకోండి. దొరకకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు సమతల చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, ముందు రుచి చూడండి, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు. మలంలో రక్తం, తగ్గని వాంతులు, జ్వరం ఉంటే ఇంట్లో చూసుకోకుండా డాక్టరు దగ్గరికి.

ఇసుక ఈగలు అని ఉంటాయి, కంటికి ఆనవు. కుట్టిన రెండు రోజులదాకా దురద. గోకితే పుండ్లు. సాయంత్రం ఇసుక మీద నేరుగా కూర్చోకుండా దుప్పటి పరచుకోండి. దోమల క్రీము పిల్లల చేతుల మీద రాయకండి, నోట్లో పెట్టుకుంటారు. వానలప్పుడు నిలిచిన నీళ్ళలో పుండున్న కాళ్ళతో నడవకండి. 1980ల చివర్లో అక్కడ అంతుచిక్కని జ్వరం మనుషుల్ని చంపింది. అది ఎలుక జ్వరమని తర్వాత తేలింది.

మనవల్ల వాళ్ళకు కూడా

బారాటాంగ్ దారిలో జరావా అడవి వస్తుంది. ఫొటోలు తియ్యడం, తిండి విసరడం నేరం. మా యారాలి కూతురు బిస్కట్ ప్యాకెట్ పట్టుకుని, "పాపం పిన్నీ వాళ్ళూ తింటారేమో" అనుకుందట. 1999లో జరావాల్లో తట్టు వ్యాపించింది. మనకు పిల్లప్పుడు వచ్చిపోయే జబ్బులే వాళ్ళకు ప్రాణాల మీదికి తెస్తాయి. అందుకే జలుబు, దగ్గుతో ఆ దారిన వెళ్ళడమే మానుకోండి. ఆ దారి వద్దనుకున్నా కూడా చూడాల్సినవి బోలెడు.

2004 డిసెంబరు 26 సునామీ అక్కడ చాలా ఊళ్ళను తుడిచేసింది. నేల గట్టిగా ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి అడుగు కనబడినా చూస్తూ నిలబడకండి, ఎత్తుకు పరుగెత్తండి. హోటల్లో దిగిన రోజే ఎత్తైన చోటు ఎటో అడిగి పెట్టుకోండి. నేను అడిగితే మావాళ్ళు నవ్వారు, హోటల్ కుర్రాడు మాత్రం నవ్వలేదు. చెయ్యి చూపించి దారి చెప్పాడు.

తిరిగొచ్చాక

ఇల్లు చేరిన తొమ్మిదో రోజు మా మరిదికి చలిజ్వరం. వీధి చివర డాక్టరు మామూలు జ్వరమే అని మాత్రలిచ్చాడు. మేం అండమాన్ వెళ్ళొచ్చామని మరిది చెప్పనేలేదు! యారాలు ఫోన్ చేసి చెబితే, నేనే వెళ్ళి చెప్పి రక్తపరీక్ష చేయించాను. తడి అడవులు, దోమలు ఉన్న చోటికి వెళ్ళొచ్చినవాళ్ళకు జ్వరమొస్తే, రెండు మూడు నెలల దాకా కూడా, ఎక్కడికి వెళ్ళారో డాక్టరుకు మొట్టమొదట చెప్పాలి. మలేరియా కాదని తేలింది, నాలుగు రోజులకు తగ్గింది.

పిల్లవాడు మాత్రం ఇప్పుడు కొంపల్లి దగ్గర స్విమ్మింగ్ పూల్‌లో సరిగ్గా ఈత నేర్చుకుంటున్నాడు. వారానికి నాలుగు రోజులు. మొన్న ఆదివారం కట్టమైసమ్మ దగ్గర అందరం తిన్నాక, కుర్రాళ్ళు నలుగురు చెరువులోకి దిగబోతుంటే వాడే వెళ్ళి వాళ్ళను గట్టు మీదికి పిలుచుకొచ్చాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు, చేతులతో నేల మీద గీతలు గీస్తున్నాడు.